మన కాళ్ల కింది నేల: భూవిజ్ఞానం, భూగర్భ జలాలు, భూకంపాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేల అదిరిన రోజు ఒక రకం ప్రశ్నలు వస్తాయి. ఏప్రిల్‌లో బోర్లు గాలి కక్కడం మొదలయ్యాక మరో రకం, జులైలో గోదావరి పెరుగుతుంటే ఇంకో రకం. జవాబులు మాత్రం చాలావరకు ప్రభుత్వ సంస్థలు ఏళ్ల తరబడి కొలిచి రాసిపెట్టిన లెక్కల్లోనే ఉంటాయి. ఆ లెక్కలు మన పన్నులతో తయారైనవి, మనం వాడుకోవలసినవి. వాటిని ఎలా చదవాలో చెప్పడానికి, పదేపదే వినిపించే ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను.

ప్రభుత్వంలో ఈ పనులు చూసేది ఎవరు? ఇన్ని సంస్థలు ఎందుకు?

ఒక్కో అవసరం ఒక్కో కాలంలో వచ్చింది, సంస్థలూ అలాగే విడివిడిగా పుట్టాయి. అన్నిటికంటే పాతది భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ. వాడుకలో జీఎస్ఐ. 1851లో థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాలో బాధ్యతలు తీసుకోవడంతో అది మొదలైంది. అప్పటి పాలకులకు కావలసింది బొగ్గు. బొగ్గు ఎక్కడుందో తెలియాలంటే దేశంలోని రాళ్లన్నిటినీ చదవక తప్పలేదు. అలా మొదలైన రాళ్ల పటాల పని నేటికీ నడుస్తోంది. జీఎస్ఐ ఇప్పుడు గనుల మంత్రిత్వ శాఖ కింద ఉంది. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం, శిక్షణ సంస్థ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

భూగర్భ జలాల సంగతి కేంద్ర భూగర్భ జల మండలి చూస్తుంది. పరిశోధన కోసం గొట్టపు బావులు తవ్వే సంస్థగా 1954లో మొదలై, 1970లో ఈ పేరు తెచ్చుకుంది. 1972లో జీఎస్ఐలోని భూగర్భ జల విభాగం వచ్చి దీనిలో కలిసింది. నదుల ప్రవాహం, వరద అంచనాలు కేంద్ర జల సంఘం పని. దేశంలో ఎక్కడ నేల కంపించినా నమోదు చేసేది ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం. 2014 వరకు ఈ పని వాతావరణ శాఖ చేసేది. ఇక పరిశోధనకు మన ఇంటి సంస్థ హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్ఐ. 1961లో పుట్టింది. ఇవి కాక రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత భూగర్భ జల శాఖలు ఉన్నాయి. రైతుకు దగ్గరగా ఉండేది ఆ శాఖలే.

ఇదంతా ప్రభుత్వమే చేయాలా? ప్రైవేటు కంపెనీలు చేయలేవా?

గనుల కంపెనీలు, చమురు కంపెనీలు తమకు అవసరమైనంత మేర చేసుకుంటాయి, వచ్చిన వివరాలు తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఒక ఊరి బావిలో నీటిమట్టాన్ని ముప్పై ఏళ్లపాటు ఆపకుండా రాసిపెట్టడం వల్ల ఏ కంపెనీకీ లాభం లేదు. ఊరికి మాత్రం ఉంది. నేల విషయంలో విలువంతా ఆ కొనసాగింపులోనే. మధ్యలో అయిదేళ్లు కొలవడం మానేస్తే తర్వాత ఎంత డబ్బు పోసినా ఆ అయిదేళ్లు తిరిగి రావు.

ఒక ఉదాహరణ చెప్పాలి. 1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. థామస్ ఓల్డ్‌హామ్ కొడుకు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ అప్పుడు జీఎస్ఐలోనే పనిచేస్తున్నాడు. ఆయన కూలిన కట్టడాలను, చీలిన నేలను ఊరూరా నమోదు చేయించాడు. యూరప్‌లోని యంత్రాల మీద ఆ భూకంపం గీసిన గీతలను కూడా తెప్పించి పరిశీలించాడు. భూకంపం నుంచి వేగం వేరువేరుగా ఉన్న మూడు రకాల తరంగాలు వస్తాయని ఆ గీతల్లో గుర్తించాడు. ఆ దారినే వెళ్లి 1906లో భూమికి వేరుగా ఒక గర్భకేంద్రం ఉందని నిరూపించాడు. భూమి నడిబొడ్డున ఏముందో తెలుసుకోవడానికి మొదటి గట్టి ఆధారం మన నేల మీద జరిగిన ఒక సర్కారీ సర్వే నుంచి వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఇంకా ఎక్కువ చోటు దక్కాలి. మన దేశంలో మొదటి భూకంప నమోదు కేంద్రం కూడా ఆ విపత్తు తర్వాతే, 1898లో కలకత్తాలోని అలీపూర్‌లో పెట్టారు.

2024 డిసెంబరు 4న తెలంగాణలో నేల ఎందుకు కంపించింది? దక్కన్ పీఠభూమి గట్టిది కదా?

ఆ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో, సుమారు 40 కిలోమీటర్ల లోతున పుట్టిన భూకంపం పరిమాణం 5.3. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ దాకా జనానికి తెలిసింది. పీఠభూమి గట్టిదన్న మాట మొత్తం మీద నిజమే. గోదావరి లోయ సంగతి మాత్రం వేరు.

ఈ లోయకు ఇటు ధార్వాడ్, అటు బస్తర్ అనే రెండు అతి ప్రాచీన శిలాఖండాలు ఉన్నాయి. ఆ రెంటి మధ్య నేల కోట్ల ఏళ్ల కిందట చీలి, పొడవునా కుంగింది. కుంగిన చోట నదులు ఇసుకను, బురదను, చెట్లను తెచ్చి పొరలు పొరలుగా నింపాయి. ఆ చెట్లే బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన విలియం కింగ్ జీఎస్ఐ ఉద్యోగి. సింగరేణి చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. అంటే మనకు బొగ్గు ఇచ్చిన కుంగుబాటు, మనల్ని అప్పుడప్పుడు కుదిపే కుంగుబాటు ఒకటే. దాని అంచుల వెంట పాత పగుళ్లు నేటికీ ఉన్నాయి. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా కదులుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, ఫలకం అంతటా ఉంటుంది. బలహీనమైన పాత పగులు దొరికిన చోట తీరుతుంది.

1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 పరిమాణంతో భూకంపం వచ్చింది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. కాబట్టి ములుగు ఘటన వింతేమీ కాదు. మనిషి జ్ఞాపకానికి యాభై ఏళ్లు ఎక్కువ, నేలకు అది లెక్కలోకే రాదు. అందుకే జ్ఞాపకాన్ని కాకుండా రాతను నమ్మాలి.

భూకంపం ఎక్కడ వచ్చిందో నిమిషాల్లో ఎలా చెప్పగలుగుతున్నారు?

భూకంపం పుట్టిన చోటు నుంచి ముందుగా ప్రాథమిక తరంగాలు బయల్దేరతాయి. పైపొర రాళ్లలో వాటి వేగం సెకనుకు ఇంచుమించు 6 కిలోమీటర్లు. వెనకాల వచ్చే ద్వితీయ తరంగాల వేగం మూడున్నర కిలోమీటర్లు. మనల్ని గట్టిగా ఊపేవి ఈ రెండో రకానివి, వాటి వెంట వచ్చే ఉపరితల తరంగాలు. రెండు రకాలూ ఒకే నమోదు కేంద్రానికి ఎంత తేడాతో చేరాయో చూస్తే దూరం తెలిసిపోతుంది. తేడాలో ఒక్కో సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లు. ములుగు భూకంప కేంద్రం హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ లెక్కన ఇక్కడి యంత్రం మీద రెండు రకాల గీతల మధ్య పాతిక సెకన్ల ఎడం ఉండాలి. ఇలా కనీసం మూడు కేంద్రాల నుంచి దూరాలు దొరికితే పటం మీద ఆ చోటు పట్టుబడుతుంది.

మొదట చెప్పిన అంకె కాసేపటికి మారితే జనం అనుమానపడతారు. తొందరగా చెప్పాలని ముందు కొద్ది కేంద్రాల లెక్కతో ప్రకటిస్తారు, మిగతావి అందాక సరిచేస్తారు. అంకె మారిందంటే వాళ్లు పని సక్రమంగా చేస్తున్నారనే అర్థం.

భూకంపాన్ని ముందే చెప్పగలరా?

లేదు. ఫలానా రోజు, ఫలానా చోట, ఇంత పరిమాణంతో వస్తుందని చెప్పగలిగే సంస్థ ప్రపంచంలో ఏదీ లేదు. ఫోన్లలో తిరిగే తేదీలన్నీ అబద్ధాలే, వాటిని ఇంకొకరికి పంపకండి.

చెప్పగలిగేవి రెండు. ఏ ప్రాంతంలో ఎంత కుదుపును తట్టుకునేలా కట్టాలన్నది ఒకటి. భూకంపం మొదలయ్యాక, గట్టి తరంగాలు చేరేలోపు దూరప్రాంతాలకు కొన్ని సెకన్ల ముందు హెచ్చరిక పంపడం రెండోది. ఉత్తరాఖండ్‌లో ఐఐటీ రూర్కీ సాయంతో ఇలాంటి వ్యవస్థ నడుస్తోంది. ఆ సెకన్లు బల్ల కిందికి చేరడానికి, రైలును నెమ్మది చేయడానికి పనికివస్తాయి.

5.3కీ 6.2కీ అంత తేడా ఉందా? మా ఇల్లు తట్టుకుంటుందా?

పరిమాణం ఒక అంకె పెరిగితే తరంగాల ఎత్తు పది రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 5.3తో పోలిస్తే 6.2 భూకంపంలో శక్తి 22 రెట్లు.

6.2 అంటే మహారాష్ట్రలోని లాతూరు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం నిద్రపోయిన వేళ, కిల్లారి చుట్టుపక్కల ఊళ్లు నేలమట్టమయ్యాయి. దాదాపు పదివేల మంది పోయారు. భూకంపం తక్కువ లోతున పుట్టడం ఒక కారణం. పెద్ద కారణం ఇళ్లు. బండరాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. రాయికి రాయికి పట్టు లేదు, గోడ విడిపోగానే కప్పు మీద పడింది.

భూకంపాన్ని తట్టుకునేలా కట్టడానికి ఉన్న జాతీయ ప్రమాణం ఐఎస్ 1893. దాని 2016 ప్రతిలో దేశాన్ని రెండు నుంచి అయిదు వరకు నాలుగు భూకంప మండలాలుగా విభజించారు, అంకె పెరిగే కొద్దీ ముప్పు ఎక్కువ. ఆ విభజనలో హైదరాబాద్ రెండో మండలంలో ఉంది. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం మూడో మండలంలో ఉన్నాయి. కృష్ణా ఒడ్డున ఒండ్రు నేల మీద నిలిచిన విజయవాడలో కుదుపు బండ మీద కంటే పెరుగుతుంది. కట్టేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

ఇల్లు కడుతున్నవాళ్లు అడగవలసినది ఒకటి చెబుతాను. స్తంభం లోపల నిలువు చువ్వల చుట్టూ వేసే రింగులను చూడండి. రింగు కొసలు 90 డిగ్రీల దగ్గర ఆగిపోకుండా, 135 డిగ్రీలు వంగి కాంక్రీటు నడిమికి దిగాలి. కుదుపులో పైపొర రాలిపోయినా అలా వంచిన రింగు విప్పుకోదు, చువ్వలను వదలదు. స్తంభం పైకొసన, అడుగున రింగులు మరింత దగ్గరగా ఉండాలి. దీనికి అయ్యే అదనపు ఖర్చు ఇంటి ఖర్చులో చాలా చిన్నది. గోడలు లేకుండా కింద అంతా పార్కింగ్‌కు వదిలేసిన అపార్టుమెంట్లలో ఈ జాగ్రత్త ప్రాణాధారం. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో అలాంటి భవనాలు ఎన్నో కుప్పకూలాయి. ఆ నగరం భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరంలో ఉంది.

జలాశయాల వల్ల భూకంపాలు వస్తాయా?

కొన్ని చోట్ల వస్తాయి. ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోదే. మహారాష్ట్రలో కొయనా జలాశయాన్ని 1962 నుంచి నింపారు. చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11న 6.3 పరిమాణంతో భూకంపం వచ్చి సుమారు 200 మంది చనిపోయారు. నీటి బరువు ఒక కారణం. పగుళ్లలోకి దిగిన నీటి పీడనం మరో కారణం. అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న పగులును నీళ్లు తొందరపెడతాయి, అంతేగాని ఏమీ లేని చోట భూకంపాన్ని పుట్టించవు. అందుకే దేశంలో వేలాది జలాశయాలు ఉన్నా కొయనాలు అరుదు.

ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్త హర్ష్ గుప్తా దశాబ్దాలపాటు దీన్నే చదివారు. కొయనాలో ప్రకంపనలన్నీ ఒక చిన్న ప్రాంతంలోనే, తక్కువ లోతునే వస్తాయి. కాబట్టి భూకంపం పుట్టే చోటికే బావి తవ్వి చూడవచ్చన్న ఆలోచన వచ్చింది. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కరాడ్‌లో ఒక ప్రయోగశాల పెట్టి, 3 కిలోమీటర్ల లోతు పరిశోధన బావిని 2017లో పూర్తి చేసింది. మన దేశం చేసిన సాహసోపేతమైన ప్రయోగాల్లో ఇదొకటి.

మా కాలనీలో నేల లోపలి నుంచి శబ్దాలు వస్తున్నాయి. భయపడాలా?

2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండలో ఇదే జరిగింది. రాత్రిళ్లు పేలుడులాంటి చప్పుళ్లు విని జనం వీధుల్లో కూర్చున్నారు. ఎన్‌జీఆర్ఐ అక్కడే యంత్రాలు పెట్టి కొలిచింది. అవి అతి చిన్న ప్రకంపనలు. బాగా పైనే పుట్టడం వల్ల, కింద గట్టి గ్రానైట్ ఉండటం వల్ల కుదుపు కంటే శబ్దమే ఎక్కువ తెలిసింది. భారీ వానల తర్వాత నీళ్లు పగుళ్లలోకి దిగినప్పుడు ఇలా జరుగుతుంది. అదే ఏడాది జనవరిలో సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు కూడా వరస ప్రకంపనలు వచ్చాయి, వాటిలో పెద్దది 4.6. శబ్దాలు విన్నవాళ్లు తేదీ, సమయం రాసిపెట్టి తహసీల్దారు కార్యాలయానికి తెలియజేస్తే శాస్త్రవేత్తల పని సులువవుతుంది.

సునామీ హెచ్చరిక ఎవరిస్తారు?

హైదరాబాద్ ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రం. 2004 డిసెంబరు 26 నాటి విషాదం తర్వాత 2007 నుంచి ఆ కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న నగరం నుంచి హిందూ మహాసముద్ర తీర దేశాలెన్నిటికో హెచ్చరికలు వెళ్తున్నాయి.

బోరు పాయింటు కొబ్బరికాయతో చూడటం సరైనదేనా?

ఈ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువసార్లు వస్తుంది, అప్పుల పాలైన తర్వాత వస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబడటానికీ, వేపపుల్ల వంగడానికీ కింద ఉన్న నీటికీ సంబంధం ఉన్నట్టు ఏ పరీక్షలోనూ తేలలేదు. అయినా కొన్నిసార్లు నీళ్లు పడతాయి. వానలు బాగా కురిసిన ఏడాది మొరం మందంగా ఉన్న పొలంలో ఎక్కడ వేసినా ఎంతో కొంత పడుతుంది. పడిన బోరును ఊరు గుర్తుపెట్టుకుంటుంది, ఎండిన బోరును రైతు ఒక్కడే మోస్తాడు.

భూగర్భ జల శాఖ వాళ్లు చేసే సర్వేలో నేలలో నాలుగు కడ్డీలు పాతుతారు. బయటి రెంటి గుండా కరెంటు పంపుతారు, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. కడ్డీల ఎడం పెంచుకుంటూ పోతే ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి గ్రానైట్ విద్యుత్ నిరోధం వేలల్లో ఉంటే, తడి మొరం నిరోధం పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. దీంతో పాటు చుట్టుపక్కల బోర్ల లోతులు, వాగుల దారి, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పొడవాటి పగుళ్లు కలిపి చూసి పాయింటు చెబుతారు. బంకమట్టి నిరోధం కూడా తక్కువే కాబట్టి ఈ సర్వే కూడా కొన్నిసార్లు తప్పుతుంది. కానీ ‘ఇక్కడ వేయకండి’ అని చెప్పగలగడం దాని పెద్ద ఉపకారం. నీళ్లు లేని చోట వేయకుండా ఆగిన ప్రతి బోరూ ఒక కుటుంబానికి మిగిలిన డబ్బు.

ఎంత లోతు వేస్తే నీళ్లు పడతాయి? వెయ్యి అడుగులు వేద్దామా?

తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా భాగం గ్రానైట్ నేల. ఇక్కడ నీళ్లు ఉండేది రెండు చోట్ల. పైన రాయి చివికి మొరంగా మారిన పొర ఒకటి, దాని కింద పగుళ్లున్న బండ రెండోది. నీరు పారే పగుళ్లలో అత్యధికం సుమారు 100 మీటర్ల లోపే, అంటే 330 అడుగుల లోపే ఉంటాయి. లోతు పెరిగే కొద్దీ పైనున్న బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. హైదరాబాద్ దగ్గర మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో, చౌటుప్పల్‌లోని ప్రయోగ క్షేత్రంలో ఎన్‌జీఆర్ఐ, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్లపాటు కొలిచి చూసిందీ ఈ పగుళ్ల తీరునే. అరుదుగా ఎంతో లోతున ఒక పగులు తగలవచ్చు. దాని మీద ఆశతో వెయ్యి అడుగులకు అప్పు చేయకండి. తగిలినా అందులోని పాత నీళ్లు తోడేస్తే మళ్లీ నిండటానికి చాలా కాలం పడుతుంది.

బోరు వేసేటప్పుడు రిగ్గు పక్కన నిలబడి చూడండి. ముందు ఎర్రమట్టి వస్తుంది, తర్వాత గరుకు మొరం. గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ దించుతారు. ఆ తర్వాత బూడిదరంగు దుమ్ము లేస్తుంది. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా వచ్చిన పొడిని వేరుగా కుప్ప పోయించండి. కుప్పలో రాతి ముక్కల అంచున తుప్పురంగు మరకలు కనిపిస్తే ఆ లోతున నీళ్లు నడిచిన పగులు ఉన్నట్టు. దుమ్ము ఆగి బురద చిమ్మితే తడి తగిలినట్టు. రాడ్డు మీద రాడ్డు దిగుతున్నా మరక లేని శుభ్రమైన బూడిదే వస్తుంటే, అడుగుకు ఇంత అని డబ్బు అడిగే మనిషి కాదు, మీరు ఆపమని చెప్పాలి.

గోదావరి లోయ ఇసుకరాయిలో, డెల్టా ఒండ్రులో లెక్క వేరు. అక్కడ లోతున కూడా మంచి పొరలు ఉంటాయి. తీరం దగ్గర మాత్రం లోతుకు వెళ్తే ఉప్పునీరు తగులుతుంది. నీళ్లు పడని బోరును ఎక్కడైనా సరే, ఆ రోజే మట్టితో పూడ్చి మూత బిగించాలి. పసిపిల్లలు పడిపోయిన వార్తలు చదివి కన్నీళ్లు పెట్టుకునే కంటే అది ఒక పూట పని.

వానలు బాగానే పడ్డాయి కదా, మార్చికే బోరు ఎందుకు ఎండింది?

లెక్క వేసి చూద్దాం. భూగర్భ జలాల అంచనాకు వాడే కేంద్ర ప్రమాణాల ప్రకారం, బంకమట్టి తక్కువగా ఉన్న చివికిన గ్రానైట్ నేలలో కురిసిన వానలో 11 శాతం నేలలోకి ఇంకుతుంది. 700 మిల్లీమీటర్ల వాన పడితే ఇంకేది 77 మిల్లీమీటర్లు. ఆ మొరం తన పరిమాణంలో సుమారు 3 శాతం నీటినే వదులుతుంది. కాబట్టి ఆ 77 మిల్లీమీటర్లకు బావిలో నీటిమట్టం రెండున్నర మీటర్లు పెరుగుతుంది. చూడటానికి చాలా పెరిగినట్టుంటుంది, ఉన్న నీళ్లు మాత్రం ఆ 77 మిల్లీమీటర్లే.

ఇప్పుడు యాసంగి వరి. ఎకరానికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతామనుకుందాం. మడిలోంచి కొంత మళ్లీ కిందికి దిగుతుంది. దాన్ని తీసేసినా, ఒక ఎకరం యాసంగి వరికి దాదాపు పది ఎకరాల మీద పడిన వాన నుంచి ఇంకిన నీళ్లు కావాలి. ఊళ్లో బోర్ల కింద ఎన్ని ఎకరాల వరి ఉందో లెక్కపెట్టుకుంటే మార్చిలో ఏం జరుగుతుందో జనవరిలోనే తెలిసిపోతుంది. జొన్న, వేరుశనగ, పప్పుధాన్యాల వైపు మళ్లమని అధికారులు చెప్పేది ఈ లెక్కతోనే. ఆ పంటలకు ధర కూడా దక్కేలా చూడకుండా రైతును మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

దేశం మొత్తం మీద 2024 అంచనా ప్రకారం ఏటా తోడుతున్న భూగర్భ జలం సుమారు 245 శతకోటి ఘనపు మీటర్లు. మనకు అలవాటైన కొలతలో దాదాపు 8,670 టీఎంసీలు. నిండిన నాగార్జునసాగర్ ఇరవై ఏడుకు పైనే.

మా మండలం పరిస్థితి ఎలా తెలుసుకోవాలి?

కేంద్ర మండలి తన పరిశీలక బావుల్లో ఏటా నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తుంది. రాష్ట్ర శాఖలు తమ పీజోమీటర్లలో, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లలో, ఇంకా తరచుగా కొలుస్తాయి. నిండే నీటిలో తోడేది 70 శాతం లోపుంటే ఆ ప్రాంతం సురక్షితం, 70 నుంచి 90 అయితే పాక్షిక సంక్లిష్టం, 90 నుంచి 100 అయితే సంక్లిష్టం, 100 దాటితే అతిగా తోడినట్టు. మీ మండలం ఏ వర్గంలో ఉందో ఆ నివేదికల్లో ఉంటుంది. దేశ జలవనరుల సమాచారం ఉంచే ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ వెబ్‌సైటులో బావుల వారీ లెక్కలు కూడా చూడవచ్చు. జిల్లా భూగర్భ జల కార్యాలయానికి వెళ్లి అడిగితే చెబుతారు, అడగడానికి మొహమాటపడకండి.

దీనికి మించిన దారి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచింది. 2000 తర్వాతి దశకంలో అనంతపురం, కడప, ప్రకాశం, నల్గొండ వంటి ఏడు కరవు జిల్లాల్లో రైతులే తమ బోర్ల నీటిమట్టం, వాన కొలుచుకుని, ఊరి గోడ మీద రాసుకుని, ఆ లెక్కను బట్టి రబీ పంటలు ఎంచుకున్నారు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. కొలత రైతు చేతిలోకి వస్తే శాస్త్రం ఆఫీసు ఫైలులో మిగిలిపోదు. ఈ పని ప్రతి మండలంలో మళ్లీ మొదలవ్వాలని నా కోరిక.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? కాచితే పోతుందా?

పోదు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

అది గ్రానైట్‌లోని ఖనిజాల నుంచే కరిగి వస్తుంది. నీళ్లు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేకపోతే 1.5 వరకు అనుమతిస్తారు. మన దేశంలో ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచి. తర్వాత నల్గొండ పేరు ఈ బాధతో ముడిపడిపోయింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ విధానమనే పిలుస్తారు. నదీజలం వచ్చిన ఊళ్లలో కూడా వేసవిలో సరఫరా ఆగితే జనం మళ్లీ బోరుకే వెళ్తారు. కాబట్టి తాగే బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. ప్రభుత్వ తాగునీటి ప్రయోగశాలలు జిల్లాల్లో ఉన్నాయి.

భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక అంటే ఏమిటి?

అక్కడ గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. ప్రాణహిత మీద టేక్రా, ఇంద్రావతి మీద పాతగూడెం, దిగువన పేరూరు వంటి చోట్ల కేంద్ర జల సంఘం సిబ్బంది నీటిమట్టం, ప్రవాహం కొలుస్తుంటారు. పైన కొలిచిన నీళ్లు భద్రాచలం చేరడానికి పట్టే గంటలే మనకు దొరికే వ్యవధి. హోరున వాన కురుస్తున్న రాత్రి గేజీ దగ్గరికి నడిచి వెళ్లి అంకె చదివి పంపిన ఉద్యోగి వల్లే లోతట్టు ఊళ్లు సమయానికి ఖాళీ అవుతాయి. వాళ్ల పేర్లు వార్తల్లో రావు, రావాలి.

ఈ పటాలు, లెక్కలు మామూలు మనుషులు చూడవచ్చా? దాస్తారని విన్నాం.

జీఎస్ఐ పటాలు భూకోశ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి కింద ఏ రాయి ఉందో, పగులు గీతలు ఎటు వెళ్తున్నాయో చూసుకోవచ్చు. భూకంపాల జాబితా జాతీయ భూకంప కేంద్రం రోజూ ప్రకటిస్తుంది.

దాచిన సందర్భమూ ఉంది. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ కుంగినప్పుడు జీఎస్ఐ, ఎన్‌జీఆర్ఐ, భూగర్భ జల మండలి సహా పలు సంస్థలు వెళ్లి పరిశీలించాయి. మీడియాతో మాట్లాడవద్దని వాటికి ఆదేశాలు వచ్చాయి. నివేదికలు నెలల తరబడి బయటికి రాలేదు, హైకోర్టు జోక్యం చేసుకున్నాక ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చాయి. ఇల్లు పగిలిన మనిషికి తన ఇంటి కింద ఏముందో తెలుసుకునే హక్కు అందరికంటే ముందు ఉంటుంది. శాస్త్రవేత్తలు పని చక్కగా చేసినా, ఆ ఫలితం జనానికి చేరకపోతే నమ్మకం పోతుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి వెనకాడకండి.

మా అమ్మాయి జియాలజీ చదువుతానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా?

ఉంటాయి. జీఎస్ఐ, కేంద్ర భూగర్భ జల మండలి రెంటికీ శాస్త్రవేత్తలను యూపీఎస్సీ నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా తీసుకుంటారు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుకు మంచి పేరుంది. ఎండలో కొండలెక్కాలి, నెలలు గుడారాల్లో ఉండాలి. ఆడపిల్లకు కుదరదని ఎవరైనా అంటే వినకండి.

ప్రకంపన వచ్చినప్పుడు వెంటనే ఏం చేయాలి?

లోపల ఉంటే పరుగెత్తకండి. గట్టి బల్ల కిందికి వంగి, తల కాపాడుకుంటూ దాని కాలు పట్టుకోండి. కుదుపు ఆగాక మెట్ల మీదుగా బయటికి రండి, లిఫ్టు వాడకండి. బయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా జరగండి. గ్యాసు కట్టేయండి. తర్వాత చిన్న ప్రకంపనలు రావచ్చు కాబట్టి పగుళ్లు పట్టిన ఇంట్లోకి ఇంజినీరు చూసేదాకా వెళ్లవద్దు. స్థిమితపడ్డాక జాతీయ భూకంప కేంద్రం వారి భూకంప్ యాప్‌లో మీకు తెలిసినది నమోదు చేయండి. ఎక్కడ ఉన్నారు, వస్తువులు ఊగాయా, గోడలు బీటలు వారాయా అన్న వివరాలు చాలు. యంత్రాలు లేని ఊళ్ల నుంచి అలాంటి కబుర్లు ఎన్ని వస్తే కుదుపు పటం అంత సరిగ్గా తయారవుతుంది.